చెప్పుల్లేని మెట్లు

పింఫా ఇంట్లో ఉందో లేదో హాట్‌ఖావ్‌లో ఎవరికీ ఎప్పుడూ తెలిసేది కాదు.

మిగతా ఊరివాళ్ళతో ఆ బాధ లేదు. మెకాంగ్ ఒడ్డున గుంజల మీద లేచిన ఇళ్ళు, ప్రతి ఇంటికీ కర్రమెట్లు, మెట్ల పక్కన కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ కుండ, కొబ్బరిచిప్ప. మెట్ల కింద విడిచిన చెప్పులు చూస్తే చాలు, ఇంట్లో ఎవరున్నారో, చుట్టాలెవరొచ్చారో, అల్లుడు అలిగి వెళ్ళిపోయాడో లేదో చెప్పేయొచ్చు. చెప్పులు లేని మెట్లంటే ఖాళీ ఇల్లు. ఖాళీ మెట్ల ముందు నిలబడి కేకలు పెట్టడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. నోరు మూసుకుని వెనక్కి తిరిగిపోవాలి.

పింఫా ఏమో పుట్టిన దగ్గర్నుంచీ చెప్పులు తొడిగిన మనిషి కాదు. అందుకే పెళ్ళి పిలుపులు ఆమె మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయేవి. పండగకి పంచే తీపి అన్నం పొట్లాలు పక్కింటికి చేరేవి, పక్కింటి బువా వాటిని ఎంతో జాగ్రత్తగా తినేసేది. చిన్నప్పుడు ఒకసారి గుళ్ళో బుద్ధుడి విగ్రహం వెనక చల్లగా ఉందని పడుకుని నిద్రపోయింది. బయట చెప్పులేవీ లేవు కదా అని ముసలి భిక్షువు తలుపు గడియ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆయన వచ్చి తలుపు తీసేసరికి విగ్రహం వెనక నుంచి "ఆకలేస్తోంది తాతా" అని వినపడింది. పాపం, ఆయన ఆ తర్వాత చాలాకాలం ఆ గుళ్ళోకి ఒంటరిగా వెళ్ళలేదు.

కాళ్ళకేమైనా జబ్బా అంటే లేదు. మొక్కా అంటే అదీ కాదు. నచ్చవు, అంతే. లారీ టైరు కోసి చేసిన చెప్పులు ఊరంతా వేసుకునే రోజుల్లో వాళ్ళమ్మ బలవంతంగా ఒక జత తొడిగించింది. పిల్ల వీధి చివరిదాకా నడిచి, తిరిగొచ్చి, విప్పి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఏమే, కరిచాయా?"

"కరవలేదు. కాళ్ళకి గంతలు కట్టినట్టుంది. ఎక్కడ నడుస్తున్నానో తెలీడం లేదమ్మా."

"తెలిసి ఏం చేస్తావే? ఊరంతా తెలిసే నడుస్తోందా?"

"నాకు తెలియాలి" అని మొండిగా నిలబడింది. తల్లి ఆ చెప్పులు బువా వాళ్ళకి ఇచ్చేసింది. ఆ తర్వాత ఆ పిల్లకి చెప్పులు తొడిగించిన మొనగాడు లేడు.

పెద్దయ్యాక ఆ కాళ్ళు చూడాల్సిందే. వెడల్పుగా, వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని, ఒక్కో వేలూ తన పని తను చేసుకునేది. మగ్గం కింద తొక్కే కర్రల్ని బొటనవేలితో పట్టి లాగేది. ఏరు తగ్గి ఒడ్డున ఒండ్రు బయటపడగానే అందులోకి దిగిపోయేది. చీలమండల దాకా మెత్తటి బురద ఎక్కితే ఆ పిల్ల ముఖం చూడాలి, అమ్మవారి ప్రసాదం దొరికినట్టు వెలిగిపోయేది. గుళ్ళో పూజ అయ్యాక అందరూ ఆ చెప్పుల గుట్టలో "నాది ఒకటే ఉందిరా, రెండోది ఏదిరా" అని దేవులాడుకుంటుంటే, పింఫా ఇంటికెళ్ళి పొయ్యి రాజేసి ఉండేది.

సుబన్ ఆమెని మొదట చూసింది వానలు వెలిశాక జరిగే పడవ పందేల పండగలో. ఏటికి అవతల, ఎగువన ఉన్న పాక్‌సూయ్ అతని ఊరు. పడవలు చేసే ఇంటి కుర్రాడు. తను చెక్కిన పడవ తాడు పట్టుకుని ఒడ్డుకు లాగుతున్నాడు. పక్కన మోకాళ్ళ దాకా బురదలో ఒక పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది.

"ఏమ్మా, చెప్పులు ఏట్లో కొట్టుకుపోయాయా?"

"నీవి ఉన్నాయిగా, టపటపా టపటపా. ఒక ఊరికి ఆ మోత చాల్లే."

అతను పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో తాడు జారింది, పడవ ముక్కు వెళ్ళి గట్టుకి కొట్టుకుంది, తెడ్లు వేసేవాళ్ళంతా కలిసి అతన్ని పట్టుకుని నానా తిట్లూ తిట్టారు.

ఆ తర్వాత అతనికి హాట్‌ఖావ్‌లో పనులు తెగ పుట్టుకొచ్చాయి. ఇవాళ మేకులు కొనాలి, రేపు ఎవరిదో పడవకి చిల్లు పడింది. సాయంత్రం అయ్యేసరికి పింఫా ఇంటి కింద మగ్గం దగ్గర తేలేవాడు. ఆమె నేస్తూనే మాట్లాడేది, అతను దూరంగా మొద్దు మీద కూర్చుని ఏదో ఒక కర్ర చెక్కుతూ వినేవాడు.

"నువ్వు చెప్పులు వేసుకోవని మా ఊళ్ళో కూడా తెలిసిపోయింది" అన్నాడొకసారి.

"తెలిస్తే ఏమంటున్నారు?"

"పెళ్ళి చేసుకుంటే ఖర్చు తక్కువంటున్నారు."

పింఫా చేతిలో ఉన్న నూలుకండె అతని మీదకి విసిరింది. పైకి ఎంత పెడసరంగా ఉన్నా ఆమెకి సుబన్ అంటే ప్రాణం. అతను రాని సాయంత్రం మగ్గం మీద నేసిందంతా మర్నాడు ఊడదీసుకోవాల్సి వచ్చేది. కోతలు కాగానే మామని తీసుకొచ్చి అడిగిస్తానన్నాడు. తండ్రి లేని పిల్లాడు, ఖమ్‌పన్ మామే పెంచాడు.

ఆ ప్రాంతంలో పిల్లని అడిగే పద్ధతి ఒకటుంది. ఎవరూ ఎవరికీ ముఖం మీద కాదని చెప్పరు. అబ్బాయి తరఫువాళ్ళు ముందురోజు, "రేపు పొద్దున అటువైపు వస్తున్నాం" అని ఊరికే చెప్పినట్టు కబురంపుతారు. ఇష్టమైతే అమ్మాయివాళ్ళు ఇంటిపట్టున ఉంటారు. పిల్ల లోపలి గదిలో ఉంటుంది, పెద్దలు ఎక్కి కూర్చుని నీళ్ళడిగాకే బయటికొస్తుంది. ఇష్టం లేకపోతే ఇంటిల్లిపాదీ చెప్పులేసుకుని పొలానికో చుట్టాలింటికో వెళ్ళిపోతారు. ఖాళీ మెట్లు చూసి వచ్చినవాళ్ళు తిరుగుముఖం పడతారు. మాట పడలేదు, మాట అనలేదు. చాలా మర్యాదైన పద్ధతి. ఆ మర్యాదే పింఫా కొంప ముంచింది.

కబురు వచ్చిన మర్నాడు తెల్లారకుండానే పింఫా మేనమామ తాటిచెట్టు మీంచి పడ్డాడని మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. తల్లీ తండ్రీ లబోదిబోమంటూ బయల్దేరారు.

"మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం. వాళ్ళొచ్చినా ఎక్కి కూర్చుంటారు, నువ్వు తొందరపడి బయటికి రాకు. నీళ్ళడిగాకే రా. తెలిసిందా?" అని తల్లి మెట్లు దిగుతూనే చెప్పింది. దిగి చెప్పులేసుకుంది. తండ్రీ వేసుకున్నాడు. ఆ కంగారులో ఎవరికీ తట్టలేదు.

పింఫా తను నేసుకున్న కొత్త చుట్టుపావడా, సిన్ కట్టుకుని, జుట్టు ముడేసి, లోపలి గదిలో కూర్చుంది. పొద్దెక్కాక మెట్ల దగ్గర అడుగుల చప్పుడైంది.  ఎవరో చిన్నగా దగ్గారు. తర్వాత ఏమీ లేదు. ఎక్కుతారు, ఇప్పుడెక్కుతారు అని చూస్తూ కూర్చుంది. అడుగులు దూరంగా వెళ్ళాయి. పెద్దవాళ్ళు కదా, నీడన కూర్చుని అలుపు తీర్చుకుంటున్నారేమో అనుకుంది. ఎంతకీ రాకపోయేసరికి కిటికీ దగ్గరికి వచ్చింది. కింద ఎవరూ లేరు. ఏటి మీద పడవ ఒకటి వెళ్ళిపోతోంది.

ఆమె పరిగెత్తిన పరుగు హాట్‌ఖావ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్త సిన్ మోకాళ్ళ పైకి ఎగదోపి, రాళ్ళు చూడకుండా ఒడ్డుకి ఉరికింది. "సుబన్, ఉన్నాను! నేను ఇంట్లోనే ఉన్నాను!" అని గొంతు చించుకుని అరిచింది. మోటారు మోతలో అది ఎవరికి వినపడుతుంది? అతను ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒక్కసారైనా తల తిప్పలేదు.

సాయంత్రం సంగతి విని తండ్రి మీసం మెలేశాడు. "ఒక్క కేక వేయలేకపోయారా? కావాలంటే వాళ్ళే మళ్ళీ వస్తారు. మనం వెళ్ళి బతిమాలుకునేదేంటి?" అవతల ఖమ్‌పన్ మామ కూడా అచ్చం ఇలాగే అని ఉంటాడు, నాకు తెలుసు. ఇద్దరు మగాళ్ళు ఏటికి ఆ ఒడ్డునొకరు ఈ ఒడ్డునొకరు బిగుసుకు కూర్చున్నారు. కొన్నాళ్ళు చూసి పింఫాయే పడవెక్కి పాక్‌సూయ్ వెళ్ళింది. రేవులోనే ఎవరో చెప్పారు, సుబన్ తలెత్తుకోలేక పడవలు చేసేవాళ్ళ జట్టుతో దక్షిణానికి వెళ్ళిపోయాడని. చెప్పాల్సిన మనిషే లేనప్పుడు ఆ మాట ఎవరికని చెబుతుంది? అదే పడవలో తిరిగొచ్చింది. కొత్త సంవత్సరం పండగనాటికి అతనికి అక్కడే పెళ్ళయిందని తెలిసింది. పింఫా ఒండ్రులోకి దిగి, మిరప మొక్కల మధ్య కూర్చుని, కళ్ళలో నీళ్ళు అయిపోయేదాకా ఏడ్చింది.

"ఒక్క జత చెప్పులే తల్లీ" అని వాళ్ళమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. "ఒక్క జత మెట్ల కింద పడేసి ఉంటే..." బజారు నుంచి ఎర్ర ప్లాస్టిక్ చెప్పులు తెచ్చి మెట్ల దగ్గర పెట్టింది కూడా. పింఫా వాటితో పొయ్యి విసురుకుంది.

సంబంధాలు రాకపోలేదు. రెండోసారి కబురొస్తే ఆమే ముందు లేచి పొలానికి వెళ్ళింది. మూడోసారీ అంతే. తర్వాత ఎవరూ కబురంపలేదు. అలాగని కుమిలిపోతూ బతికిందనుకోకండి. మగ్గం ఉంది, ఒండ్రు మడి ఉంది, బువాతో దెబ్బలాటలున్నాయి. తల్లినీ తండ్రినీ చివరిదాకా కడుపులో పెట్టుకుని చూసుకుంది. జుట్టు నెరిసింది. కాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. వర్షం రాబోయే ముందు నేల చల్లబడటం ఆ కాళ్ళకే ముందు తెలిసేది.

ఒక ఏడాది పడవ పందేలకి, బురదలో అదే చోట నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఇన్నేళ్ళయినా చెప్పులు దొరకలేదా?"

పింఫా వెనక్కి తిరగలేదు.  "టపటపలు తగ్గాయి. ముసలాడివైపోయావా?" అంది ఏటివైపే చూస్తూ.

సుబన్ పక్కకి వచ్చాడు. భార్య పోయి చాలాకాలమైంది. పిల్లలు ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నారు. చేతుల్లో బలం ఉండగానే సొంత ఊళ్ళో పడవ చేయాలని వచ్చేశాడు. అవన్నీ చెప్పాక ఇద్దరూ కాసేపు పందెం చూశారు.

"ఆ రోజు అంతమందీ ఇల్లు వదిలి వెళ్ళిపోయారే" అన్నాడు మెల్లగా. "నాకు అర్థం కాలేదు పింఫా. ముందురోజు సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నావు."

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను."

"ఇంట్లోనా?"

"లోపలి గదిలో. కొత్త సిన్ కట్టుకుని. నువ్వు దగ్గింది కూడా విన్నాను."

సుబన్ ఆమె కాళ్ళకేసి చూశాడు. బురదలో ఉన్న ఆ కాళ్ళకేసి చూస్తూ చూస్తూ అక్కడే గట్టు మీద కూలబడిపోయాడు. చిన్నపిల్లాడిలా ముఖం చేతుల్లో దాచుకున్నాడు. పింఫా ఓదార్చలేదు, తిట్టనూ లేదు. అతని చెప్పులు ఏట్లోకి జారిపోతుంటే కాలి వేళ్ళతో పట్టుకుని పైకి వేసింది.

ఆ చలికాలం మగ్గం దగ్గర మొద్దు మీద మళ్ళీ మనిషి కూర్చున్నాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. ఎండలు ముదిరాక అతను చెప్పాడు, మామ ఇంకా ఉన్నాడని, ఆయన చేత అడిగించనిదే చేసుకోనని.

"ఆయనకి నిజం చెప్పావా?"

"చెప్పాను. నమ్మడం లేదు. 'ఇంట్లో మనిషుంటే మెట్లు చెబుతాయిరా, ఈ వయసులో నాకు కథలు చెప్పకు' అంటున్నాడు. నా కోసం ఒక్కసారి వస్తాడట. ఈసారి కూడా మెట్లు ఖాళీగా ఉంటే మాత్రం ఇక బతికుండగా ఆ పేరు ఎత్తొద్దన్నాడు." సుబన్ గొంతు తగ్గించాడు. "పింఫా, నిన్ను చెప్పులు పెట్టమని నేను అడగను. నువ్వున్నావని నాకు తెలుసు. ఆయనకి ఎలా తెలుస్తుందో చూడు."

కబురు వచ్చింది. రేపు పొద్దున అటువైపు వస్తున్నామని.

విన్న వెంటనే బువా కొత్త సంవత్సరం కోసం కొనుక్కున్న చెప్పులు పట్టుకుని వచ్చింది. ఇంకా కాగితం కూడా విప్పలేదు.

"ఇవి ఎవరివో ఊళ్ళో ఎవరికీ తెలీదు. మెట్ల కింద పెట్టు. పని అయ్యాక నా మొహాన కొట్టు. ముసలిదానివయ్యావు, ఇంకా ఏం బిగుసుకుంటావే?"

పింఫా పొద్దున్నే వాటిని పెట్టింది కూడా. కిందికి దిగి ఒకసారి, కిటికీలోంచి ఒకసారి చూసింది. తళతళలాడుతున్నాయి. ఎవరో పరాయి ఆడది వచ్చి తన ఇంట్లో కూర్చున్నట్టుంది. ఇంతకాలం ఎవరి కోసం ఆగిందో అతను, ఈ చెప్పుల మనిషిని చూసి మెట్లెక్కడమా? మనసొప్పలేదు. మామ తర్వాత 'నీ చెప్పులేవమ్మా, వేసుకుని రా' అంటే మొదటి మాటే అబద్ధం ఆడాలి. చెప్పులు తీసి కంచె మీంచి బువా పెరట్లోకి విసిరేసింది.

"తీసుకో అక్కా. వీటిని చూసి వచ్చేవాళ్ళు వీటినే చేసుకోవాలి."

"నీ కర్మ!" అని కంచె అవతల నుంచి కేక. "గుమ్మంలో నిలబడి పిలువు మరి!"

అలా పిలిచే ఆడదాన్ని చూస్తే ఖమ్‌పన్ మామ పడవ కూడా దిగడు, అది బువాకీ తెలుసు. పింఫాకి ఏడుపొచ్చింది. తెల్లారి నుంచి ఇంటి కింద మట్టిలో అటూ ఇటూ తిరిగిన కాళ్ళు. అలవాటుగా కుండలోంచి చిప్పెడు నీళ్ళు తీసి కాళ్ళ మీద పోసుకుని మెట్లెక్కింది. పైకి వెళ్ళి వెనక్కి చూసింది.

ఎండిన కర్ర మీద మెట్టు మెట్టుకీ తడి పాదం. మడమ, అంచు, విడివిడిగా అయిదు వేళ్ళు. అన్నీ పైకే వెళ్తున్నాయి.

చూస్తుండగానే కింది మెట్టు మీది పాదం ఎండలో ఆరిపోయింది. పింఫా గబగబా దిగి మళ్ళీ కాళ్ళు కడుక్కుంది, ఈసారి దిగేటప్పుడు పక్కన కొసన అడుగులేసి, ఎక్కేటప్పుడు నడిమధ్య ఆనించి ఎక్కింది. పైన ఊపిరి పీల్చుకునేలోపు అదీ ఆరింది. మళ్ళీ దిగింది.

"ఏమే, పేడ తొక్కావా?" అంది బువా కంచె దగ్గర చేరి.

"లేదు."

"మరి పొద్దున్నుంచీ ఎన్నిసార్లు కడుగుతావే ఆ కాళ్ళు? అరిగిపోతాయి!"

"అరగనీ."

ఏరు ఎండాకాలం చిక్కిపోయి పడవ ఎక్కడో ఇసుక మేటలో ఇరుక్కున్నట్టుంది, ఎంతకీ రాలేదు. పింఫా దిగుతూనే ఉంది, ఎక్కుతూనే ఉంది. మోకాళ్ళు సలుపుతున్నాయి. కట్టుకున్న కొత్త సిన్ అంచు తడిసి బరువెక్కింది.  కాసేపటికి బువాకి అర్థమైంది. తన ఇంటి నీళ్ళ బిందె తెచ్చి పింఫా కుండలో కుమ్మరించి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మహా గయ్యాళి మనిషి, కానీ ఆ ఒక్క బిందెకి ఆమె తిన్న తీపి పొట్లాలన్నీ చెల్లయ్యాయి.

రేవు వైపు మోటారు చప్పుడు వినపడింది. పింఫా రెండు చిప్పలు పోసుకుని, ఒక్కో మెట్టు మీదా పాదం గట్టిగా ఆనించి ఎక్కి, లోపలి గదిలోకి వెళ్ళి కూర్చుంది. అదే చోట, ఆ రోజు కూర్చున్నట్టే.

అడుగులు వచ్చాయి. ఆగాయి. ఎవరో చిన్నగా దగ్గారు. తర్వాత ఏమీ లేదు. పింఫా కళ్ళు మూసుకుంది.

"నే చెప్పలేదురా?" అని ముసలి గొంతు గొణిగింది. "ఒక్క చెప్పైనా ఉందా? పద, పద, ఎండగా ఉంది."

"మామా, మెట్లు చూడు."

"చూశాలే. ఎవరో నీళ్ళు ఒలకబోశారు."

"ఒలికిన నీళ్ళకి వేళ్ళుంటాయా మామా?"

 ఊతకర్ర మెట్టుకి తగిలిన చప్పుడైంది. ముసలాయన వంగి చూస్తున్నాడు కాబోలు, ఆయాసం వినపడింది.

"అన్నీ పైకే వెళ్ళాయేంట్రా" అన్నాడు. గొంతు మారింది. "దిగినవి లేవు."

"అవును మామా."

"అప్పుడు కూడా... ఆ రోజు కూడా ఇలాగే..." అని ఆగిపోయాడు. "అవి ఆరిపోయి ఉంటాయి. మనం ఆలస్యంగా వచ్చాం కదరా ఆ రోజు. నేనే, వక్క దంచుకుంటూ..."  తర్వాత దబాయింపుగా అన్నాడు, "ఎంత వెడల్పు కాళ్ళురా నాయనా! పట్టు, చెయ్యి పట్టు. ఆరిపోయేలోగా ఎక్కాలి."

టప్, టప్ అని చెప్పులు విడిచిన చప్పుడు. పాత మెట్లు కిర్రుమన్నాయి. ముసలాయన చాప మీద చతికిలబడి, ఊపిరి కూడదీసుకుని, గదివైపు తిరిగి కేకేశాడు.

"అమ్మాయ్! కాసిని నీళ్ళున్నాయా, అన్నీ కాళ్ళకే పోసేశావా?"

పింఫా నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తూ చెంబుతో బయటికొచ్చింది.

అక్కడి పద్ధతి ప్రకారం సుబన్ అత్తారింటికే కాపురానికి వచ్చాడు. ఇంటి కింద మగ్గం ఒక పక్క, పడవ ఒక పక్క. ఎక్కడికెళ్ళినా కలిసే వెళ్తారు, కలిసే వస్తారు. ఇప్పుడు పెళ్ళి పిలుపులూ తీపి పొట్లాలూ వెనక్కి పోవడం లేదు. వచ్చినవాళ్ళు మెట్ల కింద ఒక్క జత చెప్పులు చూసి, "ఇద్దరూ ఉన్నారు" అనుకుని పైకెక్కుతారు.